మేడ మీద టేకు చెక్కల నేల: పాత ఎనామిల్ లేపడానికి గ్రైండర్ పెట్టొచ్చా?

మేడగది_గుంటూరు:

నమస్కారమండీ. గుంటూరు కొత్తపేటలో మా అమ్మమ్మ వాళ్ల పాత ఇల్లు ఉంది. కింద అన్నీ నాపరాళ్లే, మేడ మీద ఉన్న ఒక్క గదికి మాత్రం చెక్కల నేల. తాటి దూలాలు అడ్డంగా వేసి, వాటి మీద జానెడు వెడల్పు చెక్కలు పరిచి పైనుంచి మేకులు దిగ్గొట్టారు. బర్మా టేకు అని మా తాతయ్య చెప్పుకునేవారట, నిజమో గొప్పకో నాకు తెలీదు. గది పద్నాలుగు అడుగులకి పద్దెనిమిది అడుగులు ఉంటుంది.

ముప్పై ఏళ్ల కిందట మా పిన్ని పెళ్లికి ఇల్లంతా రంగులు వేయిస్తూ, ఆ ఊపులో ఈ నేలకి కూడా చాక్లెట్ రంగు ఎనామిల్ కొట్టించేశారు. ఆ తర్వాత ఇంకోసారి కూడా కొట్టినట్టుంది, ఎందుకంటే పెచ్చు ఊడిన చోట రెండు పొరలు కనిపిస్తున్నాయి. ఇప్పుడది నడిచే దారిలో అరిగిపోయి, గోడల వారన పెచ్చులు లేచి, పాము కుబుసం విడిచినట్టు తయారైంది. కిటికీ దగ్గర జల్లు కొట్టి మూడు చెక్కలు నల్లబడ్డాయి. కొన్ని చెక్కల మధ్య సందు ఎంత ఉందంటే, రాత్రి పైన లైటు వేస్తే కింద అమ్మమ్మ మంచం మీద గీతలు గీతలుగా వెలుగు పడుతుంది.

నాకు ఇప్పుడు ఇంటి నుంచే పని. దసరాలోపు ఆ గదిని ఆఫీసు గదిగా చేసుకోవాలని ఆశ. ఒక వడ్రంగిని పిలిస్తే, గ్రైండర్‌కి డిస్కు పెట్టి రెండు గంటల్లో లేపేస్తాను, మెలమైన్ పాలిష్ స్ప్రే కొట్టేస్తాను, అద్దంలా ఉంటుంది అన్నాడు. రంగుల కొట్టు ఆయన పీయూ (పాలీయురెథేన్ పాలిష్) తప్ప ఇంకేదీ వద్దంటున్నాడు. మా మావయ్యేమో లక్క పాలిష్ ముందు ఇవన్నీ దిగదుడుపు అంటాడు. ముగ్గురికీ ముగ్గురూ గట్టిగానే చెబుతున్నారు. ఒక్క గది కోసం హైదరాబాద్ నుంచి మెషీన్లు తెచ్చేవాళ్లు ఎవరూ వచ్చేట్టు లేరు, కాబట్టి శని, ఆదివారాలు మేమే కూర్చుని చేసుకుందామని ఉంది. ఎవరైనా చేసి చూసినవాళ్లు చెప్పండి. అసలు గ్రైండర్ పెట్టొచ్చా?

లబ్బీపేట_లడ్డు:

ఎందుకు బ్రదర్ ఇంత టెన్షన్. వినైల్ షీటు పరిచేస్తే ఒక్క పూటలో అయిపోద్ది, అచ్చం చెక్కలాగే ఉంటుంది. చెక్క మీద చెక్క బొమ్మ.

ఉలి_బాడిస:

లడ్డు గారూ, అసలు టేకు మీద టేకు బొమ్మ పరచమనడం చూస్తే మా నాన్న ఉండుంటే మీ మీదకి చిత్రిక విసిరేవాడు. సరదాకి అంటున్నాను గానీ, షీటు కింద చెమ్మ చేరితే పైకి రాలేదు, రెండు వానాకాలాలు పోయాక చెక్క లోపల్లోపల ఏమవుతుందో మీకు కనపడదు కూడా. పాత ఇళ్లల్లో చెక్కకి గాలి ఆడాలి.

ఇక అసలు సంగతి. మాది విజయవాడ, నాన్నదీ నాదీ చెక్కపనే. గ్రైండర్ పెట్టనివ్వకండి. గ్రైండర్ గుండ్రంగా తిరుగుతుంది, చెక్క గీత నిలువుగా పోతుంది. డిస్కు తాకిన ప్రతిచోటా అర్ధచంద్రాకారంలో గాటు పడుతుంది, అప్పుడు కనపడదు, పాలిష్ పడగానే ఒక్కొక్కటీ లేచి నుంచుంటుంది. ఆ గాట్లు పోగొట్టడానికి పక్కనున్న చెక్క అంతా అరగదియ్యాలి. పైగా ఎనామిల్ వేడికి కరిగి డిస్కుకి జిగురులా పట్టేస్తుంది, డిస్కుల మీద డిస్కులు పోతాయి. రెండు గంటల్లో లేపేస్తాననేవాడు నిజంగానే లేపేస్తాడు, రంగునే కాదు, చెక్కని కూడా.

పని మొదలెట్టే ముందు ఒక రోజంతా చూడటానికే పెట్టుకోండి. స్క్రూడ్రైవర్ తీసుకుని ప్రతి చెక్కనీ, ముఖ్యంగా గోడ వారన, కిటికీ కింద, గట్టిగా పొడిచి చూడండి. లోపలికి మెత్తగా దిగితే అది పుచ్చిపోయినట్టు, దాన్ని సాండింగ్ (ఉప్పుకాగితంతో అరగదియ్యడం) చెయ్యడం దండగ, మార్చాల్సిందే. చెక్క కింద సన్నని పిండి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉంది. మట్టి గొట్టాలు కనిపిస్తే చెదలు. కింద గదిలోకి వెళ్లి తాటి దూలాల చివరలు గోడలోకి పోయేచోట కూడా పొడవండి, వానకి గోడ తడిసే చోట కుళ్లేది ముందు అవే. పైన నేల ఎంత మెరిసినా దూలం పోతే ఏం లాభం.

తర్వాత మేకులు. పైనుంచి కొట్టిన మేకులన్నారు కదా, చెక్క అరిగేకొద్దీ వాటి తలలు పైకి తేలి ఉంటాయి. ప్రతి మేకునీ పంచ్ పెట్టి కనీసం రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి దిగ్గొట్టాలి. ఒక్క మేకు మర్చిపోయినా మెషీన్ బెల్టు చిరిగిపోతుంది, నిప్పురవ్వ లేస్తుంది, ఆ రవ్వ మెషీన్‌కి ఉండే పొట్టు సంచిలోకి పోతే ఇంక చెప్పక్కర్లేదు. పొట్టు సంచి సాయంత్రం ఖాళీ చెయ్యకుండా ఇంట్లో పెట్టి పడుకోకండి, పాత పాలిష్ కలిసిన పొట్టు దానంతటదే వేడెక్కి రాజుకుంటుంది.

సాండింగ్‌కి బెల్ట్ సాండర్ ఒకటి, మూలలకి చిన్న ఆర్బిటల్ సాండర్ ఒకటి చాలు. పెద్ద డ్రమ్ము మెషీన్ మన దగ్గర అద్దెకి దొరకడం కష్టం, దొరికినా కొత్త చేతికి ఇవ్వొద్దు, ఒక్క క్షణం ఆగితే నేలలో గుంట పడుతుంది. బెల్ట్ సాండర్‌ది కూడా అదే గుణం, కాకపోతే చిన్నది. నేల మీద ఆన్చి స్విచ్ వెయ్యకూడదు, గాల్లో ఆన్ చేసి నడుస్తూ దించాలి, ఆపేముందు లేపాలి. చెక్క పొడుగు వెంటే పోవాలి. చెక్కలు అంచులు లేచి మధ్యలో దొన్నెలా ఉంటే మాత్రం మొదటిసారి ఏటవాలుగా పోయి చదును చేసి, ఆ తర్వాత నిలువుగా పొండి.

ఉప్పుకాగితం నంబరు దగ్గరే అందరూ దెబ్బ తినేది, నంబరు పెరిగేకొద్దీ కాగితం నున్నగా ఉంటుంది. ముందు 40, తర్వాత 60 గానీ 80 గానీ, ఆఖర్న 120. 40 నుంచి ఒకేసారి 120కి దూకారంటే 40 గీసిన గీతలు అలాగే ఉండిపోతాయి, 120 వాటి మీద పైపైన నున్నగా చేస్తుంది అంతే. మా నాన్న ఉప్పుకాగితంతో చేత్తో రుద్దే రోజుల్లో కూడా నంబరు దాటనిచ్చేవాడు కాదు. ఒక చిట్కా ఏంటంటే ప్రతి నంబరు మొదలెట్టే ముందు నేల మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గియ్యండి, అవన్నీ పోయేదాకా ఆపొద్దు. అయిపోయిందనుకున్నాక రాత్రిపూట లైట్లు ఆర్పి, టార్చి నేలకి ఆనించి పక్కనుంచి వెలుగు కొట్టండి. పగలు కనపడని గీతలన్నీ బారులు తీరి కనపడతాయి. 120 దాటి ఇంకా నున్నగా పోకండి, మరీ నున్నగా ఉన్న టేకు పాలిష్‌ని పట్టుకోదు.

ఇంకో మాట. మీ చెక్కల సందుల్లోంచి వెలుగే కాదు, పొట్టు కూడా కిందికి దిగుతుంది. అమ్మమ్మ గారి మంచం, బట్టలు, వంట సామాను ముందే ఖాళీ చేయించండి.

సింగ్‌నగర్_సుబ్బి:

ఇందులో నాకు చెప్పే అర్హత ఉందో లేదో, కానీ ఎవరైనా అపార్ట్‌మెంటుల్లో ఉండేవాళ్లు ఇది చదివి సాండర్ కొనుక్కునే ప్రమాదం ఉంది కాబట్టి రాస్తున్నా. మాది గ్రౌండ్ ఫ్లోర్. ఇల్లు కొన్నప్పుడు ఉడెన్ ఫ్లోరింగ్ అని చెబితే మేము చెక్కే అనుకున్నాం. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి మా ఇంట్లో నడుముల్లోతు నీళ్లు నిలిచాక చూస్తే నేల అప్పడంలా ఉబ్బి లేచింది. మా బావమరిది ఆరాక సాండింగ్ చేద్దాం అక్కా, కొత్తదైపోద్ది అని అద్దె సాండర్ తెచ్చాడు. అర నిమిషం తోసేసరికి పైన చెక్క గీతల బొమ్మ పోయి కింద అట్టలాంటి పిండిచెక్క బయటపడింది. అది లామినేట్ అట, పైన ఉండేది అచ్చు వేసిన కాగితమట. కాగితాన్ని సాండింగ్ చేస్తే ఏం మిగులుతుంది!

ఇంజనీర్డ్ ఉడ్ అని ఇంకోటి ఉంటుంది, దానికి పైన నిజం చెక్క పొర ఉంటుంది గానీ పలచన. ఆ పొర మూడు మిల్లీమీటర్లో, అంతకన్నా ఎక్కువో ఉంటే ఒకటి రెండు సార్లు సాండింగ్‌కి తట్టుకుంటుంది, తక్కువైతే ముట్టుకోవద్దు. గుమ్మం దగ్గర అంచు ఊడదీసి పక్కనుంచి చూస్తే తెలిసిపోతుంది. మేడగది గారిది పాత ఇల్లు కాబట్టి మొత్తం చెక్కే అయ్యుంటుంది, అదృష్టవంతులు.

కెమిస్ట్రీ_మాస్టారు:

ఉలి బాడిస గారు చెప్పినదంతా బాగుంది, ఒక్కచోట మాత్రం ఆగాలి. ముప్పై ఏళ్ల నాటి ఎనామిల్ మీద నేరుగా సాండర్ పెట్టకండి.

కారణం సీసం. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకి మించకూడదన్న నియమం 2016లో వచ్చింది, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వచ్చిన ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, గోధుమ లాంటి ముదురు రంగుల్లో, సీసం బాగా ఉండే అవకాశం ఉంది. డబ్బాలో ఉన్నంతసేపు, గోడ మీద గట్టిగా అంటుకున్నంతసేపు ఎవర్నీ ఏమీ చెయ్యదు. మెషీన్ పెట్టి పొడి చేశారా, ఆ పొడి ఊపిరిలోకి, అన్నంలోకి, పిల్లల వేళ్ల మీదుగా నోట్లోకి పోతుంది. చిన్నపిల్లల మెదడుకి అది చేసే చెరుపు తర్వాత సరిదిద్దలేం. మీ ఇంట్లో పిల్లలు గానీ, కడుపుతో ఉన్నవాళ్లు గానీ ఉంటే ఆ పని జరిగినన్నాళ్లూ ఆ ఇంట్లో లేకుండా చూసుకోండి. ల్యాబులో పరీక్ష చేయిస్తే సరే, లేకపోతే సీసం ఉందనే అనుకుని పని చెయ్యడం మేలు.

మరెలా లేపాలి అంటారా. రంగు లేపే మందు పూసి, ఉబ్బాక లప్పం పట్టీతో గీకెయ్యండి. లేదా హీట్ గన్‌తో మెత్తబరిచి గీకండి, కానీ వేడి తక్కువలో పెట్టండి, రంగు పొగ వచ్చేదాకా కాల్చకండి. పాత వడ్రంగులు వాడే మంట దీపం అసలు వద్దు, సీసం ఆవిరవుతుంది, పైగా మీది చెక్క నేల. మందు వాడితే కిటికీలన్నీ తెరిచి వాడండి. మందుల్లో కొన్నింట్లో డైక్లోరోమీథేన్ ఉంటుంది, మూసిన గదిలో దాని ఆవిరి మనిషిని పడేస్తుంది, డబ్బా మీద చదివి అది లేనిది కొనండి. గీకిన పెచ్చులు తడిగా ఉన్నప్పుడే మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టెయ్యండి. చీపురు పట్టకండి, తడిగుడ్డతో తుడవండి.

రంగు పోయాక సాండర్ పెట్టుకోవచ్చు, అప్పుడు కూడా ఎన్95 మాస్కు లేకుండా వద్దు. జేబురుమాలు కట్టుకుంటే చాలనుకుంటారు మనవాళ్లు. చెక్క పొట్టుని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి జాబితాలోనే పెట్టింది. ఒక్క గది చేసినంత మాత్రాన ఏదో అయిపోతుందని కాదు గానీ, ఇరవై రూపాయల మాస్కుకి బేరం ఎందుకు.

ఉలి_బాడిస:

మాస్టారు చెప్పింది నిజం, ఒప్పుకుంటున్నా. మా నాన్న నలభై ఏళ్లు ముక్కుకి తువ్వాలు చుట్టుకునే పని చేశాడు, ఆఖరి పదేళ్లూ దగ్గుతూనే ఉన్నాడు. దేనివల్ల అని ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మేడగది_గుంటూరు:

అందరికీ థాంక్యూ. ముందుగా ఒకటి, బ్రదర్ కాదండీ, అక్కని. లడ్డు గారు తమ్ముడే అనిపిస్తోంది కాబట్టి పర్లేదు.

మా పాపకి నాలుగేళ్లు. మాస్టారి మాట చదివాక మా ఆయన గ్రైండర్ వడ్రంగికి ఫోన్ చేసి వద్దని చెప్పేశాడు. పాపని, అమ్మమ్మని తెనాలిలో మా అత్తగారింటికి పంపుతున్నాం. అమ్మమ్మ ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. కిటికీ దగ్గర ఒక చెక్క చివర జానెడు మేర మెత్తగా దిగింది, మిగతావి గట్టిగానే ఉన్నాయి. చెక్క మందం అంగుళానికి కొంచెం తక్కువ. మేకులు లెక్కపెట్టడం మొదలెట్టి రెండొందలు దాటాక మానేశాను.

ఇంకో తమాషా. ఒక మూల పెచ్చు గీకి, సందుల్లో మట్టి తీద్దామని కత్తితో గెలికాను. ఐదు నిమిషాల్లో ఇద్దరం తుమ్ములే తుమ్ములు, కళ్లల్లోంచి నీళ్లు. సీసమేమో అని భయపడి చచ్చాను. తీరా తెనాలికి ఫోన్ చేసి అడిగితే అమ్మమ్మ నవ్వి, ఒకప్పుడు తాతయ్య ఆ గదిలో మిర్చి టిక్కీలు (బస్తాలు) పేర్చేవారే, మిర్చి యార్డుకి తోలేదాకా అక్కడే ఉండేవి అంది. ఇన్నేళ్ల తర్వాత కూడా చెక్కల సందుల్లో గింజలు, పొడి అలాగే ఉన్నాయి. గుంటూరు ఇల్లు అంటే ఇదేనేమో.

సందులు దేంతో పూడ్చాలి? నల్ల మచ్చలు పోతాయా?

పొణికిచెక్క:

మాది కొండపల్లి పక్కన. మా ఊరి బొమ్మల అతుకులకి వాడే మక్కు తెలుసు కదా, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి ఉడికించి ముద్ద చేస్తారు. అదే పెట్టండి, ఎండాక రాయిలా ఉంటుంది. రంగు కూడా చెక్కలో కలిసిపోతుంది.

నేలమాళిగ:

సందుల్లోకి వాడేసిన ఇంజన్ ఆయిల్ పొయ్యండి, చెదలు దరిదాపులకి రావు. మా చేలో పాక గుంజలన్నిటికీ అదే.

ఉలి_బాడిస:

నేలమాళిగ గారూ, పాక గుంజలకి ఏమైనా పొయ్యండి. ఇంట్లో నేలకి ఇంజన్ ఆయిల్ పోస్తే కంపు పోదు, పైన ఏ పాలిష్ వేసినా పట్టదు, కాళ్లకి నల్లగా అంటుతుంది.

మక్కు గొప్ప సరుకే, కాదనను. కానీ బొమ్మ అల్మారాలో కదలకుండా కూర్చుంటుంది, నేల కూర్చోదు. వానాకాలం చెక్క చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, సందు మూసుకుంటుంది. మే నెలలో ఎండి కుంచించుకుంటుంది, సందు తెరుచుకుంటుంది. రాయిలా గట్టిపడేది ఏది నింపినా వానాకాలంలో నలిగి, ఎండాకాలంలో ముక్కలై ఊడి కింద అమ్మమ్మ గారి పప్పులో పడుతుంది. పైగా చింతగింజల పిండి అంటే పురుక్కి భోజనం.

అందుకని మేకుల గుంటలు, సన్నటి పగుళ్లు మాత్రమే పొట్టూ బంకా కలిపి నింపండి. మీ నేలదే 120 నంబరు పొట్టు దాచిపెట్టుకోండి, రంగు కలుస్తుంది. పెద్ద సందులకి టేకు బద్దెలు సన్నగా చీల్చి, ఒక పక్క చెక్కకి మాత్రమే బంక రాసి దింపండి, రెండో పక్క వదిలెయ్యండి, కదలడానికి చోటుంటుంది. చిన్న సందులు అలాగే ఉంచినా పోయేదేం లేదు. పుచ్చిన చివర కోసి, కింద దూలం మీద ఆనేట్టు పాత టేకు ముక్క అతికించండి. పాత గుమ్మాలు, కిటికీలు అమ్మే కొట్లల్లో పాత టేకు దొరుకుతుంది. కొత్త టేకు పెడితే రంగు వేరుగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

కెమిస్ట్రీ_మాస్టారు:

నల్ల మచ్చలు మేకుల చుట్టూనే ఎక్కువగా ఉన్నాయా? అయితే అది కుళ్లు కాదు, సిరా. నిజంగానే. టేకులో ఉండే టానిన్, మేకు ఇనుము, వాన నీళ్లు, మూడూ కలిస్తే పాతకాలం సిరా తయారయ్యే పద్ధతే. సాండింగ్‌తో కొంత పోతుంది, లోతుగా దిగినది పోదు. అప్పుడు ఆక్సాలిక్ ఆమ్లం గోరువెచ్చని నీళ్లలో కలిపి మచ్చ మీద పూసి, తెల్లబడ్డాక మంచినీళ్లతో రెండు మూడు సార్లు తుడిచి, ఆఖర్న వంటసోడా నీళ్లతో ఒకసారి తుడవండి. అది విషం, గ్లవ్స్ వేసుకోండి, ఎండాక మిగిలిన తెల్ల పొడిని సాండర్‌తో లేపకండి.

మేడగది_గుంటూరు:

మేకుల చుట్టూనే మాస్టారూ, నల్ల బొట్లు పెట్టినట్టు. సరే, ఇప్పుడు ఆఖరి తగువు. మెలమైనా, పీయూనా, లక్కా?

ఉలి_బాడిస:

ముందు మీ మావయ్య గారికి మర్యాదగా సమాధానం చెబుతా. లక్క పాలిష్ అందం ఇంకోదానికి లేదు. కానీ అది బీరువాకి, ఉయ్యాల బల్లకి. నేల మీద వేడి గ్లాసు పెట్టినా, నీళ్లు ఒలికినా తెల్లటి మచ్చ పడుతుంది, మీ కుర్చీ చక్రాలు నెల రోజుల్లో దారి గీస్తాయి. మెలమైన్ తలుపులకి, కుర్చీలకి మంచిదే, గట్టిగా ఉంటుంది. ఆ గట్టితనమే నేలకి పనికిరాదు. అడుగు పడ్డప్పుడల్లా చెక్క కొద్దిగా వంగుతుంది, పాలిష్ వంగదు, పగిలి పెచ్చులు లేస్తుంది. ఆ ఘాటు వాసన కూడా చాలా రోజులు పోదు. మీ రంగుల కొట్టు ఆయన ఈసారికి కరెక్టు, కానీ నేలకోసం అని రాసి ఉన్న పీయూనే తీసుకోండి, ఫర్నిచర్‌ది కాదు. ఇంట్లో చిన్నపిల్ల ఉందన్నారు కాబట్టి నీళ్లతో కలిపే రకం మేలు, వాసన తక్కువ.

దసరాలోపు అనే మాట మాత్రం మర్చిపోండి. వానల్లో మెలమైన్ వేస్తే పాలు పోసినట్టు తెల్లబడుతుంది. రెండు డబ్బాలు కలిపే పీయూ అయితే గాలిలో చెమ్మకి బుడగలు పడుతుంది. అసలు చెక్కే చెమ్మ మీద ఉంటుంది, ఇప్పుడు పాలిష్ వేసి బిగిస్తే ఎండాకాలం సందు తెరుచుకున్నచోట పాలిష్ పొర చీలిపోతుంది. రంగు గీకడం, మేకులు, అతుకులు ఇప్పుడు చేసుకోండి. తుపాన్ల కాలం కూడా పోయాక, సంక్రాంతి దాటాక ఆఖరి సాండింగ్, పాలిష్ పెట్టుకోండి. మళ్లీ ఏప్రిల్ దాకా లాగొద్దు, మన గుంటూరు, బెజవాడ ఎండకి బ్రష్షు తిప్పేలోపు ఆరిపోయి చారలు పడతాయి.

పాలిష్ వేసే రోజు టేకులో ఉండే నూనెని థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడిచి, ఆరగానే మొదటి కోటు పలచగా వెయ్యండి. ఫ్యాన్ వెయ్యకండి, ఎంత ఉక్కపోసినా సరే. కోటుకీ కోటుకీ మధ్య 220 కాగితంతో చేత్తో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి, మూడు కోట్లు. తలుపు వైపు వెనక్కి వెనక్కి నడుస్తూ వెయ్యండి, నవ్వకండి, గోడ మూలన ఇరుక్కుని మూడు గంటలు కూర్చున్నవాణ్ణి నేను ఎరుగుదును.

సింగ్‌నగర్_సుబ్బి:

ఆ ఎరిగినవాడు మీరే అయ్యుంటారు.

కెమిస్ట్రీ_మాస్టారు:

ఎవరైనా పీయూ కాకుండా అవిసె నూనె వేద్దామనుకుంటే ఒక హెచ్చరిక. నూనె తుడిచిన గుడ్డ పీలికలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. అగ్గిపుల్ల అక్కర్లేదు. విడివిడిగా పరిచి బయట ఆరెయ్యండి, లేదా నీళ్ల బకెట్లో ముంచండి.

మేడగది_గుంటూరు:

ఫిబ్రవరి రెండో వారం. ఈ చర్చ ఎవరైనా ఇంకా చూస్తున్నారో లేదో.

పని అయింది. రంగు గీకడానికే ఆరు వారాంతాలు పట్టింది. మొదటి రెండు వారాలు ఇద్దరం ఒకరి మీద ఒకరం అరుచుకుంటూ చేశాం, మూడో వారం నుంచి అరిచే ఓపిక కూడా పోయింది. మందు పూసి గీకితే పైపొర ఊరికే వచ్చేసింది, కింది పొర మాత్రం చెక్క గుంటల్లో పట్టుకుని వదల్లేదు, దానికి హీట్ గన్ పెట్టాం. మేకులు దిగ్గొట్టడం నా పని, బొటనవేలి గోరు ఇప్పటికీ నల్లగానే ఉంది.

తప్పు కూడా చేశాం, దాచనక్కర్లేదు. సంక్రాంతి తర్వాత బెల్ట్ సాండర్ మా ఆయన చేతికిచ్చాను. మొదటి రోజే ఫోన్ మోగితే అలా చూస్తూ ఒక్క క్షణం ఆగాడు. గుమ్మం దగ్గర అరచేతి వెడల్పున పల్లం. దాన్ని చదును చెయ్యాలంటే చుట్టూ అంతా దించాలి, వదిలేశాం. ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ అది తాతల నాటి అరుగుదల అని చెబుతున్నాడు.

టార్చి పరీక్షలో రెండుసార్లు ఫెయిలయ్యి, 80 మళ్లీ మొదటినుంచి పోయాం. నల్ల మచ్చలు ముప్పాతిక మేర పోయాయి, మిగిలినవి అలాగే ఉంచాను, మేకుల పక్కన దిష్టిచుక్కల్లా ఉన్నాయి. పుచ్చిన చివర కోసి పాత కిటికీ రెక్క ముక్క అతికించాం. చెక్క రంగు చెప్పలేను, తేనె పట్టినట్టు వచ్చింది. బర్మాదో కాదో గానీ తాతయ్య గొప్పకి చెప్పలేదనిపించింది.

పెద్ద సందులు ఐదారు బద్దెలతో పూడ్చాం, మిగతావి వదిలేశాం. అది కూడా అమ్మమ్మ వల్లే. అన్నీ మూసేస్తే పైన నువ్వు లైటు ఆర్పి పడుకున్నావో, ఇంకా ఆ కంప్యూటర్ ముందే కూర్చున్నావో నాకెలా తెలుస్తుందే అంది.

ఇంక రెండే ప్రశ్నలు. కుర్చీ చక్రాలకి ఏదైనా చెయ్యాలా? గది మధ్యలో ఒక చెక్క అడుగు పడితే కిర్రుమంటోంది, అమ్మమ్మకి నిద్ర పట్టట్లేదట.

ఉలి_బాడిస:

చూస్తున్నామమ్మా. పల్లం సంగతి చెప్పినందుకు మెచ్చుకున్నా, అందరూ దాస్తారు.

కుర్చీకి ప్లాస్టిక్ చక్రాలు తీసేసి రబ్బరులా మెత్తగా ఉండేవి వేయించండి. పాలిష్ పైకి ఆరినా లోపల పూర్తిగా గట్టిపడటానికి వారం, పది రోజులు పడుతుంది, అప్పటిదాకా చాప కూడా పరచకండి. కిర్రుమనే చెక్క అంచుల్లోకి ముందు టాల్కమ్ పౌడరు దులిపి నాలుగు రోజులు నడిచి చూడండి. తగ్గకపోతే ఆ చెక్కని దూలానికి స్క్రూతో బిగించాలి. తాటి దూలం ఇనుములాంటిది, ముందు సన్నటి డ్రిల్లుతో బెజ్జం వెయ్యకుండా స్క్రూ తిప్పితే తల విరుగుతుంది. అదేదో అమ్మమ్మ గారు మధ్యాహ్నం పడుకోని రోజు చూసుకుని పెట్టుకోండి.